గోడ కన్నా గట్టి పూత వద్దు

ముందు గోడను తట్టి వినండి. తాపీ ఉంటే దాని చెక్కపిడితో, లేదంటే వేలి కణుపులతో. పెచ్చు ఊడిన చోట మొదలుపెట్టి నాలుగు వైపులా జానెడేసి దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. పూత ఇటుకను గట్టిగా పట్టుకున్న చోట శబ్దం ముద్దగా వచ్చి అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇటుకను వదిలేసిన చోట పగిలిన కుండను తట్టినట్టు డొల్లగా మోగుతుంది. శబ్దం మారిన ప్రతిచోటా పెన్సిల్‌తో చుక్క పెట్టి, తర్వాత చుక్కలన్నీ కలపండి. కంటికి కనిపించిన పెచ్చు అరచేయంతే ఉన్నా, పెన్సిల్ గీత గీసేసరికి అది చాపంత కావచ్చు. చాలామంది ఇక్కడే జంకి, ఊడినంత మేరకే పూసేద్దామనుకుంటారు. అలా పూస్తే కొత్త మాలు బరువుకు పక్కనున్న డొల్ల కూడా దిగజారుతుంది. ఆ గీత లోపలిదంతా ఎలాగూ ఊడేదే. అదేదో మనమే శుభ్రంగా తీసేద్దాం.

నేను ఈ పని నేర్చుకున్నది ఒక తప్పు వల్ల. తెనాలి దగ్గర మా పుట్టింట్లో తాతగారి కాలపు గోడలున్నాయి. ఎర్ర ఇటుక, గానుగ సున్నం. పడమటింటి గోడకు నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా పెచ్చులు ఊడుతుంటే, ఈసారి మళ్లీ చూడక్కర్లేకుండా గట్టిగా ఉండాలని మూడు పాళ్ల ఇసుకకు ఒక పాలు సిమెంటు కలిపించి పూయించాను. నున్నగా, రాయిలా వచ్చింది. తర్వాతి వానాకాలం ఒక సాయంత్రం బల్లంత ముక్క ఒక్కసారిగా విరిగి కింద పడింది. చిన్నప్పటి నుంచి మా ఇంటి పనులు చూసిన పెద్దమేస్త్రి బాబాయికి కబురు పెట్టాను. ఆయన గోడ వైపు చూడలేదు. కింద పడ్డ ముక్కను వెనక్కి తిప్పి నాకు చూపించాడు. దాని వీపుకు ఇటుకల ఎర్రటి పైపొర మందంగా అతుక్కుని ఉంది.

“చూశావా అమ్మాయ్, పూత ఊడలేదు. ఇటుకే ఊడింది.”

ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేదంతా ఆ ముక్క వీపు మీద ఉంది. పాత ఇటుక మెత్తన. దాని చుట్టూ ఉన్న సున్నం ఇంకా మెత్తన. ఆ గోడ నేలలోని చెమ్మను పీల్చి, ఒళ్లంతా గాలికి వదులుతూ బతుకుతుంది. దాని మీద గట్టి సిమెంటు పూత వేస్తే చెమ్మకు బయటికి దారి మూసుకుపోతుంది. చెమ్మతో పాటు వచ్చిన ఉప్పు పూత వెనకే పేరుకుంటుంది. గోడ ఎండే కొద్దీ ఆ ఉప్పు స్ఫటికాలుగా గట్టిపడి, ఇటుక రంధ్రాల్లో చోటు చాలక పైపొరను లోపలి నుంచి తోసేస్తుంది. పూత గోడ కన్నా గట్టిదైతే నష్టపోయేది గోడే. పూత ఊడితే మళ్లీ వేసుకోవచ్చు. ఇటుక అరిగితే ఆ ఇటుకను మళ్లీ తెచ్చుకోలేం.

కాబట్టి ఉలి పట్టుకునే ముందు రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. తడి ఎక్కడి నుంచి వస్తోంది? గోడ కదులుతోందా?

తడి సంగతి మొదట. గోడ అవతలి వైపుకు వెళ్లి చూడండి. స్నానాలగది ఉందా, వాన నీటి గొట్టం అతుకు కారుతోందా, కిటికీ మీది సన్‌షేడ్ గోడను కలిసే చోట బీట ఉందా, పూలమొక్కల కోసం గోడకు ఆనించి మట్టి పోశారా? మన ఊళ్లలో మరో కారణం ఉంది. కొత్త రోడ్డు వేసిన ప్రతిసారీ ఇంకాస్త ఎత్తు పెరుగుతుంది, ఇల్లు పల్లమైపోతుంది. ఒకప్పుడు వీధికి మూడు మెట్లు ఎత్తున ఉన్న అరుగు ఇప్పుడు వీధితో సమానంగా ఉంటుంది. పునాది మీద చెమ్మను ఆపే పొర ఉన్నా, దానికి పైనే బయటి మట్టి వచ్చి చేరితే ఆ పొర ఏం చేస్తుంది? పాత ఇళ్లలో అసలు ఆ పొరే లేకపోవడం కూడా మామూలే. అడుగు నుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దాకా వచ్చి ఆగుతుంది. దాని పై అంచున తెల్లటి ఉప్పు గీత అలల్లా కనిపిస్తుంది. పైకప్పు నుంచి దిగే తడికి గుర్తు వేరు. అది పైన వెడల్పుగా, కిందికి సన్నగా ఉంటుంది.

ఎటూ తేలకపోతే ఒక పాలిథిన్ కాగితం తీసుకుని, మూరెడు చదరంగా కత్తిరించి, నాలుగంచులా టేపు వేసి గోడకు గట్టిగా అంటించండి. ఒక రోజు ఆగి చూడండి. గోడ వైపు నీటి బొట్లు పడితే తడి గోడలోనే ఉంది. గది వైపు పడితే అది గది గాలిలో ఉన్న ఆవిరి. దానికి కావలసింది పూత కాదు, కిటికీ తెరవడం.

చెమ్మ ఉన్న గోడకు నడుమెత్తు దాకా టైల్స్ వేసి మూసేయడం ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. దయచేసి చేయకండి. ఎండే దారి లేని చెమ్మ టైల్స్ పై అంచు దాటి ఇంకా పైకి ఎక్కుతుంది. నీళ్లు దిగని రంగులు లోపలి గోడకు పూయడమూ అంతే. బయటి వైపు మట్టిని గోడ నుంచి జానెడు వెనక్కి లాగి, నేల మట్టం లోపలి గచ్చు కన్నా కిందికి దించి, వాన నీరు గోడకు దూరంగా పోయేలా వాలు ఇవ్వండి. పారతో ఒక్కరోజులో అయిపోయే ఆ పని, వేలు పోసి కొన్న రసాయనాల కన్నా ఎక్కువ చేస్తుంది. అది చేశాక కూడా గోడ ఆరడానికి ఒక వేసవి కావాలి. ఊడిన పూతంతా తీసేసి, ఇటుకలు కనిపిస్తుండగా వదిలేయండి. ఇంటికి వచ్చినవాళ్లు అడుగుతారు. అడగనివ్వండి.

ఇక కదలిక. ప్రతి పగులూ భయపడాల్సింది కాదు. సాలెగూడులా అల్లుకున్న వెంట్రుకవాసి బీటలు పూత పూసిన కొత్తలోనే వస్తాయి. సిమెంటు ఎక్కువైనా, ఇసుక మరీ సన్నమైనా, ఎండలో నీళ్లు చాలకపోయినా మాలు ఆరేటప్పుడు కుంచించుకుపోయి అలా చీలుతుంది. తట్టి చూసినప్పుడు డొల్ల లేకపోతే వాటిని కదపక్కర్లేదు, రంగు వేసే ముందు పుట్టీ సరిపోతుంది. పూర్వం సంక్రాంతికి ముందు ఏటా సున్నం వెల్ల వేసేవాళ్లు. ఆ పల్చటి సున్నపు నీరు ఈ సన్న బీటల్లోకి దిగి అక్కడే గట్టిపడేది. పండగ పేరుతో గోడకు ప్రతి ఏడూ మరమ్మతు జరిగిపోయేది.

కాంక్రీటు స్తంభం, ఇటుక గోడ కలిసే చోట గీత గీసినట్టు నిలువు పగులు వస్తే, రెండూ ఎండకు వేర్వేరుగా సాగుతున్నాయని అర్థం. స్లాబు కింద అడ్డంగా వచ్చేదీ అలాంటిదే, మే నెల ఎండకు స్లాబు సాగి గోడను గీరుతుంది. కరెంటు గొట్టం కోసం గాడి కొట్టి పైపైన మాలు నింపితే ఆ గాడి పొడవునా బీట తేలుతుంది. ఈ మూడింటికీ మందు ఉంది. భయపెట్టేది మెట్లు మెట్లుగా దిగే పగులు. కిటికీ మూల నుంచి ఇటుకల అతుకుల వెంట ఐమూలగా నడుస్తుంది, ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉంటుంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి పునాదిని ఎత్తి దించుతుంటే ఇలా జరుగుతుంది. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత పెట్టి పక్కన తేదీ రాయండి. మధ్యలో, పగులుకు అడ్డంగా చిన్న గాజు పట్టీని రెండు చివర్లా సిమెంటుతో అంటించండి. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచేదాకా ఆగండి. గాజు పగిలినా, బీట గీత దాటి పాకినా, ఆ గోడకు కావలసింది మేస్త్రి కాదు, ఇంజనీరు. పగులులో చిన్నవేలు దూరేంత సందు ఉన్నా, తలుపులు ఉన్నట్టుండి పట్టేస్తున్నా, గాజు పట్టీ కోసం కూడా ఆగకుండా చూపించండి.

గోడ నిలకడగా ఉంది, తడి దారి మూశాం అనుకుందాం. ఇప్పుడు ఉలి, సుత్తి. స్విచ్చిబోర్డు దగ్గర పనైతే ముందు మెయిన్ ఆపండి. కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ ఉండాలి. పెన్సిల్ గీతకు రెండంగుళాలు అవతలి నుంచి, డొల్ల వైపుకు ఉలి వాల్చి చిన్న దెబ్బలతో కొట్టండి. అంచును చేత్తో విరిచినట్టు వదలకండి. నిటారుగా, వీలైతే లోపలి వైపుకు కాస్త కోసుకుపోయేలా చెక్కండి, కొత్త మాలు దాని కిందికి దూరి పట్టుకుంటుంది. తర్వాత ఇటుకల మధ్య అతుకుల్లోని వదులు మాలును కొక్కెంతో సుమారు 10 మిల్లీమీటర్ల లోతు గీకేయండి. పూత ఇటుక ముఖాన్ని పట్టుకుని నిలబడదు, ఈ గాళ్లలో వేళ్లు దూర్చి నిలబడుతుంది. వైర్ బ్రష్‌తో దుమ్ము దులపండి. ఉప్పు పేరి ఉంటే మాత్రం నీళ్లతో కడగొద్దు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చి, చేటలో పట్టి, దూరంగా పారేయండి.

స్తంభం దగ్గరి నిలువు పగులుకైతే రెండు వైపులా చెరో జానెడు పూత తీసి, పగులు మీదుగా చికెన్ మెష్ పరిచి మేకులతో బిగించాలి. మెష్ గోడకు అంటుకుపోకుండా కాస్త ఎడంగా ఉండాలి, మాలు దాని వెనక్కి కూడా చేరాలి. కాంక్రీటు ముఖం నున్నగా ఉంటే ఉలితో దగ్గరదగ్గరగా గాట్లు పెట్టండి.

పని మర్నాడనగా రాత్రి గోడను బాగా తడపండి. పొద్దున్న మరోసారి. పొడి ఇటుక దాహంతో ఉంటుంది. మాలులోని నీళ్లన్నీ లాగేసుకుంటుంది. సిమెంటు గట్టిపడటానికి కావలసిన నీరే మిగలదు, పూత పిండిలా రాలిపోతుంది. అలాగని నీరు కారుతున్న గోడ మీద కొడితే మాలు జారుతుంది. తడి ఉండాలి, మెరుపు పోవాలి.

ఇసుక విషయంలో కాస్త ఆగుదాం, ఎందుకంటే సగం పూతలు ఇసుక వల్లే చెడతాయి. గాజు సీసాలో పది సెంటీమీటర్ల ఎత్తు ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు నింపి, బాగా గిలకొట్టి మూడు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక అడుగుకు చేరుతుంది, ఒండ్రు దాని మీద మెత్తటి పొరగా నిలుస్తుంది. ఆ పొర 8 మిల్లీమీటర్లు దాటితే ఆ ఇసుకను కడగనిదే వాడకూడదు. గోదావరి ఇసుకైనా, కృష్ణ ఇసుకైనా జల్లెడ పట్టాల్సిందే. రోబో శాండ్ అయితే పూత కోసమని సన్నగా ఆడించింది అడగండి, కాంక్రీటు కోసం అమ్మేది గరుకు. సముద్రం ఒడ్డు ఇసుక ఎంత సన్నగా, ఎంత దగ్గరగా దొరికినా వద్దు. అందులోని ఉప్పును మనమే తెచ్చి గోడలో పెట్టినట్టు అవుతుంది.

సిమెంటుతో కట్టిన ఇప్పటి ఇటుక గోడకు ఒక పాలు సిమెంటు, అయిదారు పాళ్లు ఇసుక. అంతకు మించిన సిమెంటు లోపలి గోడకు అక్కర్లేదు. చదరపు మీటరు మేర అరంగుళం మందానికి సుమారు 5 కిలోల సిమెంటు, పెద్ద బకెట్టెడు ఇసుక పడుతుంది. పొడిగా ఉన్నప్పుడే రంగు ఒకేలా వచ్చేదాకా కలిపి, ఆ తర్వాత నీళ్లు పోయండి. అరగంటలో వాడేయగలిగినంతే కలపండి. గట్టిపడటం మొదలైన మాలులో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచడం చాలాచోట్ల చూస్తాం. అది చూడ్డానికి మెత్తబడుతుంది గానీ, దాని పట్టు అప్పటికే పోయింది.

మా ఇంటి గోడలాంటి సున్నపు గోడకు లెక్క వేరు. సిమెంటు అసలు వద్దు. ఒక పాలు సున్నం, రెండున్నర నుంచి మూడు పాళ్లు ఇసుక. చెమ్మ తగిలే గోడైతే ఇసుకలో కొంత భాగం బదులు బాగా కాలిన ఇటుకల మెత్తటి పొడి కలిపేవాళ్లు. అది సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడుతుంది. సున్నం కోసం దూరం పోనక్కర్లేదు, పల్నాడులో పిడుగురాళ్ల ఊరే సున్నపు బట్టీలకు పేరు. కాల్చిన సున్నపురాయిని ఇంట్లోనే నానబెట్టేటట్టయితే ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, అందులో రాయి కొంచెం కొంచెంగా వేయాలి. కుతకుతా ఉడుకుతుంది, చిమ్ముతుంది. కంట్లో పడితే చూపు పోతుంది. అద్దాలు, చేతి తొడుగులు లేకుండా దాని దగ్గరికి పోవద్దు, పిల్లల్ని రానివ్వొద్దు. ఆ ముద్దను జల్లించి, పైన నీళ్లు నిలిచేలా కనీసం రెండు వారాలు ఊరనివ్వండి. ఉడకని రవ్వ మిగిలిపోతే గోడకెక్కాక నెమ్మదిగా ఉబ్బి పూత మీద బొబ్బలు తెస్తుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం పాత పద్ధతి. మా పెద్దమేస్త్రి బాబాయి కలిపేవాడు. నాకు కొలత తెలిసేదాకా నేను కలపను, మామూలు సున్నపు మాలుతోనే నా గోడ నిలిచింది.

ఇక పూయడం. మొదటి పూతను గోడకు రుద్దకూడదు, కొట్టాలి. తాపీ మీద గుప్పెడు మాలు తీసుకుని, మణికట్టు ఒక్కసారి తిప్పి గోడ మీదికి విసరాలి. ఆ దెబ్బకు మాలు వెనకున్న గాలి బయటికి పోతుంది, మాలు అతుకుల్లోకి దిగబడుతుంది. తాపీతో పట్టించి నున్నగా లాగితే వెనక గాలి అలాగే ఉండిపోతుంది. రేపటి డొల్ల అక్కడే మొదలవుతుంది. నా మొదటి విసుర్లలో సగం నేల పాలయ్యాయి. బాబాయి నా మోచెయ్యి పట్టుకుని పక్కటెముకలకు ఆనించి, “భుజంతో కాదమ్మాయ్, మణికట్టుతో” అన్నాడు. అంతే తేడా. విసిరిన ముద్ద ‘థప్’మని అతుక్కుని, అంచులు చుట్టూ కిరీటంలా లేచి ఆగిపోయింది. ఆ శబ్దం ఒకసారి వింటే చెయ్యి మర్చిపోదు. నేల పడ్డ మాలు కోసం ముందే గోడ వారగా రేకు పరుచుకోండి, శుభ్రంగా ఉన్నది వెంటనే ఎత్తి వాడుకోవచ్చు.

ఒక పూతకు అరంగుళం దాటొద్దు. గుంట లోతుగా ఉంటే రెండు పూతలు. మొదటిదాన్ని చుట్టూ ఉన్న పాత పూత కన్నా కాస్త లోతుగానే ఆపి, గట్టిపడక ముందే మేకుతో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. సిమెంటైతే మర్నాడు రెండో పూత వేయొచ్చు. సున్నమైతే గోరు నొక్కితే దిగనంత గట్టిపడేదాకా ఆగాలి, అది వారమైనా కావచ్చు. పాత పూత అంచుల మీద తడి బ్రష్ తిప్పి రెండో పూత నింపండి. బద్దను రెండు వైపులా పాత గోడ మీద ఆనించి, చిన్నగా ఊపుతూ కింది నుంచి పైకి లాగండి. పల్లాల్లో మాలు వేసి మళ్లీ లాగండి. కాస్త బిగిశాక చెక్క పలకతో గుండ్రంగా రుద్దండి. ఇనుప పలకతో అద్దంలా మెరిసేలా రుద్దడం చాలామందికి ఇష్టం. అలా రుద్దితే సిమెంటు పాలు పైకి తేలి పల్చటి గట్టి పొర కడుతుంది, వారం తిరక్కుండా దాని మీదే సాలెగూడు బీటలు వస్తాయి. లోపలి గోడకు చెక్క రుద్దుడే చాలు.

తర్వాత వారం రోజులు మీ చేతిలో పని. సిమెంటు పూతను మర్నాటి నుంచి ఏడు రోజులు తడి ఆరనివ్వకండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లు చల్లండి. వేసవిలో తడిగోనె వేలాడదీయండి. ఫ్యాన్ ఆపేయండి. పని చేసిన మేస్త్రి వెళ్లిపోతాడు, ఈ వారం గోడతో ఉండేది ఇంటివాళ్లే. సున్నపు పూతకు నీళ్లు కొట్టకూడదు, మంచులా చిలకరించాలి. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి రాయి అవుతుంది, అందుకు తడీ కావాలి, గాలీ కావాలి. ఎండా, ఎదురుగాలీ మాత్రం తగలకూడదు. మా గోడకు సున్నం పూశాక పది రోజులూ నేను చీరకొంగు దోపుకుని, పూలకు నీళ్లు కొట్టే పిచికారీతో ఆ గోడ ముందు నిలబడ్డాను. పొద్దున చిలకరిస్తే గోడ ముదురు రంగులోకి తిరిగేది, మధ్యాహ్నానికి మూలల నుంచి తెల్లబడుతూ వచ్చేది. మళ్లీ ఎప్పుడు చిలకరించాలో ఆ మూలలే చెప్పేవి.

రంగుకు తొందర వద్దు. కొత్త సిమెంటు పూత క్షారంతో ఉంటుంది, నాలుగు వారాలైనా ఆగకపోతే రంగు మచ్చలు తేలి పొరలుగా లేస్తుంది. ప్రైమర్ వేసే ముందు మళ్లీ పాలిథిన్ పరీక్ష చేయండి. సున్నపు గోడకు ప్లాస్టిక్ పెయింటు, దాని కింద పుట్టీ రెండూ వద్దు. సున్నం వెల్లే వేయండి, పల్చగా మూడు నాలుగు చేతులు. మొదటి చేయి వేసిన రోజు గోడ బూడిదరంగులో నీరసంగా కనిపిస్తే కంగారు పడకండి, ఆరాకే తెల్లదనం వస్తుంది.

మా పడమటిల్లు ఆ తర్వాత చాలా వానలు చూసింది. అడుగున, గచ్చు పక్కన, ఏటా కాస్త పిండిలా రాలుతుంది. రాలేది సున్నపు పూత. దాని వెనక ఇటుక అంచులు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. రాలిన మేర గీకి, తడిపి, గుప్పెడు మాలుతో సరిచేస్తాను. ఒక పూట పని. అందుకోసం మిగిలిన సున్నపు ముద్దను పెరట్లో మూత ఉన్న కుండలో, పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిచేలా దాచాను. నీళ్లలో ఉన్నంతకాలం అది గట్టిపడదు, ఊరే కొద్దీ వెన్నలా మారుతుంది. మీ పని అయ్యాక మిగిలిందీ పారబోయకండి, కుండలో వేసి నీళ్లు పోసి పెట్టుకోండి.